సంచి పట్టిన చెయ్యి

కానుక సంచిని బల్ల మీద బోర్లించగానే చిల్లర మధ్య నుంచి గీత ఇన్సులిన్ సీసా దొర్లుకుంటూ వచ్చి బల్ల అంచున ఆగింది.

క్రిస్టీనా దాన్ని చేతిలోకి తీసుకుంది. పొరపాటు పడే వీలే లేదు. సీసా మీద ఎర్ర పెన్నుతో తేదీ రాసింది తనే. మూత తీసిన రోజు రాసిపెట్టడం పదకొండేళ్ల అలవాటు. లోపల మందు ముప్పావు వంతు అలాగే ఉంది.

బల్లకు అవతల కూర్చున్న మొగులప్ప కూడా చూశాడు. నారాయణఖేడ్ బస్ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. చర్చిలో సంఘ పెద్ద. ప్రతి ఆదివారం ఆరాధనలో కర్రకు కట్టిన మఖ్మల్ సంచి పట్టుకుని వరుసల మధ్య తిరిగేది ఆయనే. ఈ ఆదివారం ఆ పూట క్రిస్టీనా పక్క గదిలో పిల్లలకు పాఠం చెబుతోంది కాబట్టి ఆ సంచిలో ఎవరేం వేశారో ఆమె చూడలేదు.

మొగులప్ప కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాడు.

"స్తోత్రం. ఆ పిల్ల ఇశ్వాసం చూడు టీచరమ్మా. మనసొంటి ముసలోళ్లకు లేదు గంత ఇశ్వాసం."

 క్రిస్టీనా సీసాను కొంగులో ముడేసుకుని చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా బయటపడింది.

గీత ఆమెకు చనిపోయిన తమ్ముడి కూతురు. ఇరవై రెండేళ్లది. డిపో ఎదురుగా జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. పదకొండో ఏట నుంచి పొద్దున ఒక సూది, రాత్రి ఒక సూది. వయసు మీదపడ్డాక వచ్చే షుగర్ కాదది. ఒంట్లో ఇన్సులిన్ అసలు పుట్టని జబ్బు. సూది ఆగితే మూడు రోజులో నాలుగు రోజులో, అంతకు మించి చెప్పలేనని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. ఆ మాట క్రిస్టీనా గుండెల్లో మేకులా దిగి ఉంది.

ఆ మేకును కదిలించినవాడు నాలుగు నెలల కింద ఊళ్లోకి వచ్చాడు. పేరు శ్రీకాంత్. పోస్టర్ల మీద మాత్రం 'దైవజనులు'. కల్హేర్ రోడ్డు మీద రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని మైకు పెట్టాడు. మందు మింగినవాడు మాట మింగినట్టే, అన్నది ఆయన బోధ సారం. దేవుడు స్వస్థపరుస్తానని మాటిచ్చాక మాత్ర మింగితే ఆ మాటను అబద్ధం చేసినట్టేనట. జనం తలలూపారు గానీ మాత్రలు మానలేదు. మూడో రోజు మొగులప్ప లేచి నిలబడి, పదిహేనేళ్ల షుగర్ తనను విడిచిపోయిందనీ సూదులు పారేస్తున్నాననీ సాక్ష్యం చెప్పాడు. అప్పుడు కదిలింది ఊరు. శ్రీకాంత్ బయటివాడు. మొగులప్ప మనవాడు.

ఆ తర్వాతి ఆదివారమే మొగులప్ప ఆ సాక్ష్యాన్ని తమ చర్చిలోనూ చెప్పాడు. చర్చికి పాస్టరయ్య నెలకోసారి వస్తాడు. మిగతా వారాలు పెద్దలే నడుపుతారు. అక్కడ తాతల నాటి నుంచి ఒక కట్టుబాటు ఉంది. సాక్ష్యం చెప్పినవాణ్ణి ఎవరూ ప్రశ్న అడగకూడదు. స్తోత్రం అని కూర్చోవాలి. కూలీనాలీ చేసుకునేవాళ్లు నోరు తెరిస్తే ఊరి పెద్దలు ఎగతాళి చేసే రోజుల్లో, కనీసం ఈ నాలుగు గోడల మధ్యనైనా పేదవాడి మాట పేదవాడిదే అయి నిలవాలని పెట్టుకున్న నియమం. మంచి నియమమే. కానీ మంచి తలుపు కూడా లోపలికి దూరేది ఎవరో చూడదు.

క్రిస్టీనా పెద్దల కూటంలో ఒక్కతే అడ్డం తిరిగింది. దేవుడు బాగుచెయ్యగలడు, దాంట్లో నాకు అనుమానం లేదు, కానీ సూది మానితేనే చేస్తాడని చెప్పింది దేవుడు కాదు అంది. సాక్ష్యాన్ని నిలదీస్తావా అని నలుగురూ ఆమె మీదే విరుచుకుపడ్డారు. అప్పటి నుంచి ఆమెకు చర్చిలో మంచినీళ్లిచ్చేవాళ్లు కూడా మొహం తిప్పుకుని ఇస్తున్నారు.

ఇంటికి వచ్చేసరికి గీత మంచం మీద ఒత్తిగిలి ఉంది. పక్కన మూడు ఖాళీ నీళ్ల సీసాలు. పెదవులు ఎండి పగిలాయి. శుక్రవారం రాత్రి నుంచి సూది లేదని తనే చెప్పింది. గొంతులో భయం లేదు. అదే క్రిస్టీనాను భయపెట్టింది.

బతిమాలింది. తిట్టింది. చివరికి మంచం పట్టె మీద కూర్చుని, ప్రభువును గుడి శిఖరం మీద నిలబెట్టి దూకు, దూతలు పట్టుకుంటారు అన్నవాడెవడో గుర్తుందా అని అడిగింది. ఆ సాతానూ బైబిలు లేఖనమే చెప్పాడు. ప్రభువు దూకలేదు. తండ్రి మీద నమ్మకం లేక కాదు, తండ్రిని పరీక్ష పెట్టడం నమ్మకం కాదు గనక.

గీత వింది. తర్వాత నెమ్మదిగా అంది.

"నువ్వు చెప్తే ఎట్ల నమ్మాలె అత్తా? పోయిన బుధారం ఏం చెప్పినవు?"

 బుధవారం క్రిస్టీనా ఒక అబద్ధం ఆడింది. మందులు మానొద్దని పాస్టరయ్య ఫోన్ చేసి గీతకు చెప్పమన్నాడని అంది. గీత అప్పటికప్పుడు ఆయనకే ఫోన్ చేసింది. నేనేం చెయ్యలేదమ్మా, సంఘంలో గొడవలు పెట్టొద్దు అన్నాడాయన. సత్యాన్ని నిలబెట్టడానికి వాడిన ఆ ఒక్క అబద్ధం, ఆ ఇంట్లో ఆమె మాటకున్న విలువనంతా తుడిచిపెట్టింది.

"మొగులప్ప తాత నాలుగు నెలల సంది సూది లేకుండనే తిరుగుతుండు. నా కండ్లతోని చూస్తున్న. ఆయన సాక్ష్యం అబద్ధమైతే చెప్పు, ఇప్పుడే వేసుకుంట."

క్రిస్టీనా కొంగు ముడి విప్పి సీసా తీసింది. గీత చటుక్కున లాక్కుని, తూలుతూనే వాకిట్లోకి వెళ్లి, బట్టలుతికే బండకేసి కొట్టింది. మందు వాసన గుప్పుమంది. ఇంట్లో ఉన్న ఇంకో సీసాకు శనివారమే ఆ గతి పట్టిందని అప్పుడు తెలిసింది.

డాక్టరుకు ఫోన్ చేస్తే ఉన్నపళాన తీసుకురమ్మన్నాడు. వాకిట్లోకి ఆటో వచ్చింది. గీత గుమ్మం పట్టుకుని కదలనంది. బలవంతం చేస్తే దారిలో దూకుతానంది. ఆటో అతను తల గోక్కుని, నలుగురు మనుషులను పిలువు టీచరమ్మా అని వెళ్లిపోయాడు. ఆ వీధిలో నలుగురూ సంఘం మనుషులే. ఒక్కరూ రాలేదు.

ఇక దారి ఒకటే. ఆ పిల్ల నమ్మే నోటి నుంచే మాట రావాలి.

ముందు షెడ్డుకు వెళ్లింది. శ్రీకాంత్ భోజనం చేస్తున్నాడు. చెయ్యి కడుక్కోకుండానే అంతా విన్నాడు. తను ఎవరికీ మందు మానమని చెప్పలేదనీ, రికార్డింగులున్నాయి వినొచ్చనీ అన్నాడు. విశ్వసించమని చెప్పాను, ఎవరి విశ్వాసం ఎంతవరకో వాళ్లిష్టం అన్నాడు. ఆయన మాటలకు ఎక్కడా అతుకు కనబడలేదు. పోలీసు స్టేషన్‌ని దృష్టిలో పెట్టుకుని కుట్టిన చొక్కా అది.

"ఆ ముక్కే వచ్చి పిల్లకు చెప్పుండ్రి. సూది వేసుకుంటే పాపం కాదని ఒక్క మాట."

"ఆ మాట నేనంటే నేను చేసిన ప్రార్థనలన్నీ అబద్ధం కావా సిస్టర్? అయినా ఆ అమ్మాయికి ఏమైనా అయితే అడ్డం ఉన్నది ఎవరి అవిశ్వాసమో మీరే ఆలోచించుకోండి."

క్రిస్టీనా ఆయన ముక్కు మీది కళ్లజోడు వైపు చూసింది.

"మరి గా అద్దాలు ఎందుకు పెట్టుకున్నరు? కండ్లకు మాత్రం దేవుని మాట పనిచేస్తలేదా?"

శ్రీకాంత్ నవ్వాడు. అద్దాలు మందు కాదన్నాడు. పక్కనున్న మనిషి ఆమెకు గేటు చూపించాడు.

అప్పటికి నాలుగున్నర. కనీసం సూది మందైనా చేతిలో ఉండాలి. ఆదివారం మెడికల్ షాపులు మూసి ఉన్నాయి. చర్చి వెనక గల్లీలో హాజిరాబీ ఇంటికి పరుగెత్తింది. హాజిరాబీ పెరుగు, ఐసు ప్యాకెట్లు అమ్ముతుంది. ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంటు పోయినా ఫ్రిజ్ ఆగదు. అందుకే ఎర్ర పెన్నుతో పేరు రాసిన గీత అదనపు సీసా ఒకటి ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

హాజిరాబీ మోకాళ్ల నొప్పితో కూర్చున్నచోటి నుంచే చెప్పింది.

"నువ్వే తీస్కో బేటీ. ఎర్ర రాత ఉన్నది నీది. పక్కల స్టీలు డబ్బా ముట్టకు, గది మొగులప్ప భాయ్ ది. మొన్న రెండూ కలిసిపోతుండె."

క్రిస్టీనా ఫ్రిజ్ తలుపు వదిలి వెనక్కి తిరిగింది.

"మొగులప్ప అన్న డబ్బానా? ఏమున్నది ఖాలా దాంట్ల?"

"నీ పిల్ల ఏస్కునేదే, గదే దవా. పొద్దుగాల ఒక మాటు, పొద్దూకి మగ్రిబ్ నమాజు కాడ ఒక మాటు వచ్చి ఏస్కొని పోతడు. ఇంట్ల కోడలు ఏడనన్నా పడేస్తదట." అంటూనే హాజిరాబీ క్రిస్టీనా ముఖం చూసి ఆగింది. "ఏంది? నేను చెప్పరాని మాట చెప్పిన్నా?"

క్రిస్టీనా చెప్పింది. చర్చి సంగతులు హాజిరాబీకి తెలియవు, తెలుసుకోనూ లేదు. అంతా విని ఆమె తస్బీ పూసలు పక్కన పెట్టింది. డబ్బా ఇవ్వమంటే ఇవ్వనంది. అమానత్ అది, ఒకరు నమ్మి దాచుకున్న సొమ్ము, దాచినవాడి చేతికే ఇవ్వాలి అంది. మగ్రిబ్‌కు ఎలాగూ వస్తాడు, నా ఇంట్లో కూర్చుని నువ్వే అడుగు అంది.

ఆ గంటన్నరలో క్రిస్టీనా రెండుసార్లు ఇంటికి వెళ్లి వచ్చింది. గీత వాంతి చేసుకుంది. ఊపిరి లోతుగా, బుసకొట్టినట్టు తీస్తోంది. నోటి నుంచి మగ్గిన పండు వాసన. స్టీలు డబ్బా సంగతి చెబితే గీత తల అడ్డంగా ఊపింది. నీ మాట కాదు, తాత నోటితో చెప్పమను. ఆయన చెబితే వేసుకుంటా. అంతే అంది.

మొగులప్ప చొక్కా గుండీలు విప్పుకుంటూనే గుమ్మం దాటాడు. ఎదురుగా క్రిస్టీనా. ఆమె ఒళ్లో ఎర్ర రాత ఉన్న సీసా. ఆయన విప్పిన గుండీ మళ్లీ పెట్టుకున్నాడు. హాజిరాబీ ఏమీ అనకుండా లోపలి గదిలోకి నమాజుకు వెళ్లింది.

క్రిస్టీనా అరవలేదు. అరిచే ఓపిక కూడా వృథా చెయ్యదలుచుకోలేదు. ఎందుకు చేశావని అడగలేదు. పిల్ల ఎలా ఉందో చెప్పి, ఒక్క మాట చెబితే చాలు, పదిమందిలో అక్కర్లేదు, పిల్ల చెవిలో చెప్పు, బయట ఎవరికీ తెలియనివ్వనని ప్రమాణం చేసింది.

మొగులప్ప గడప మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నడువు బిడ్డా. నేను సూది ఏస్కొని వెనకనే వస్తున్న. చెప్త. నా నోటితోనే చెప్త."

ఆమె నమ్మింది. బుధవారం ఆడిన అబద్ధం తర్వాత, ఆ మాట నమ్మడమే ఆమె చేసిన రెండో తప్పు.

ఇంటికి వచ్చి గీతకు చెప్పింది. తాత వస్తుండు బిడ్డా, వెనకనే. గీత సరేనంది. తనే చెయ్యి చాచి సూదిలోకి మందు ఎక్కించమంది. క్రిస్టీనా సూదిని పళ్లెంలో సిద్ధంగా పెట్టింది. గీత గోడకు ఆనుకుని, వాకిలి వైపే చూస్తూ కూర్చుంది. పది నిమిషాలు. ఇరవై. గల్లీలో ప్రతి అడుగుల చప్పుడుకూ తల ఎత్తింది. క్రిస్టీనా ఫోన్ చేసింది. స్విచాఫ్. సూదిని తనే తీసి వెయ్యబోతే గీత మణికట్టు పట్టుకుంది. వస్తడు అత్తా, తాత మాట తప్పడు.

నలభై నిమిషాలకు క్రిస్టీనా పక్కింటి చిన్నదాన్ని కాపలా పెట్టి పరుగెత్తింది. మొగులప్ప హాజిరాబీ ఇంట్లో లేడు. తన ఇంట్లోనూ లేడు. కల్హేర్ రోడ్డు మీద మైకు మోగుతోంది. షెడ్డు గేటు దగ్గరే ఆ గొంతు గుర్తుపట్టింది. రేకుల కింద, ట్యూబ్‌లైట్ల వెలుగులో, మొదటి వరుస కుర్చీ ముందు నిలబడి మొగులప్ప సాక్ష్యం చెబుతున్నాడు. నాలుగు నెలల కింద దేవుడు నా షుగర్ తీసేసిండు. జనం స్తోత్రం అన్నారు.

ఆమె లోపలికి వెళ్లలేదు. వెళ్లి కొట్లాడే సమయం లేదు. వెనక్కి తిరిగింది.

గీత గోడకు ఆనుకునే ఉంది. కళ్లు సగం తెరిచి వాకిలి వైపే ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. క్రిస్టీనా పళ్లెంలోని సూది తీసి వేసింది. ఈసారి ఎవరూ ఆమె మణికట్టు పట్టుకోలేదు. అంబులెన్స్ వచ్చింది. ఖేడ్ దవాఖానలో సెలైన్ పెట్టి సంగారెడ్డి పంపారు. అక్కడ డాక్టరు, ఆరేడు గంటల ముందు తెస్తే వేరే మాట అన్నాడు. సోమవారం మధ్యాహ్నం గీత పోయింది.

మట్టి ఇచ్చేటప్పుడు మొగులప్ప రాలేదు. జ్వరమన్నారు. శ్రీకాంత్ షెడ్డు ఖాళీ చేసి బోర్డు విప్పుకుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఒక మాట వదిలి వెళ్లాడు. పిల్ల విశ్వాసం గొప్పదే, ఇంట్లో ఉన్న అవిశ్వాసి వేసిన సూదే ఆమెను చంపింది అని. ఆ మాట వారంలోపే పక్క ఊరు నాగల్‌గిద్ద దాకా పాకింది. స్కూల్లో తోటి టీచరు కూడా క్రిస్టీనాను ఆ సూది గురించే అడిగింది.

గీత పోయిన తర్వాతి ఆదివారం చర్చి నిండింది. సాక్ష్యాల వేళ వచ్చింది. మొగులప్ప సంచి కర్ర పట్టుకుని మామూలుగానే గోడ పక్కన నిలబడి ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి. క్రిస్టీనా లేచింది. సాక్ష్యం చెప్పినవారిని ఎవరూ ఆపకూడదు కదా. ఆ నియమమే ఆమెకు ఇప్పుడు తలుపు తెరిచింది.

"నేను నా సాక్ష్యం చెప్త. పిల్ల పోకముందటి బుధారం నేను గీతకు అబద్ధం చెప్పిన. మందు వేసుకోమని పాస్టరయ్య ఫోన్ చేసిండని. మంచికే చెప్పిన అనుకున్న. గా అబద్ధం వల్లనే తర్వాత నేను చెప్పిన నిజం పిల్ల నమ్మలే. నా పాపం ఇది. నేను ఒప్పుకుంటున్న."

ఎవరూ స్తోత్రం అనలేదు. 

"ఇప్పుడొక ప్రశ్న అడుగుత. ఇక్కడ అడగొద్దని తెలుసు. మన తాతలు గా నియమం నిజం చెప్పేటోన్ని కాపాడటానికి పెట్టిండ్రు, అబద్ధాన్ని కాదు. మొగులప్ప అన్నా, పోయిన ఆదివారం పొద్దుగాల నువ్వు ఎక్కడున్నవు?"

వెనక నుంచి గుసగుసలు లేచాయి. కూర్చో అన్నారెవరో. పెద్దల్లో ఒకాయన లేచి ఆమె వైపు రెండడుగులు వేశాడు. అప్పుడే వాకిట్లో ఏదో అలికిడైంది. బురఖాలో హాజిరాబీ. జీవితంలో మొదటిసారి ఆ మెట్లెక్కింది. చెప్పులు విడిచి, మోకాళ్ల మీద చేతులు వేసుకుంటూ లోపలికి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా.

నేరుగా మొగులప్ప దగ్గరికి వెళ్లి డబ్బా అందించింది.

"భాయ్, నీ అమానత్. ఇగ నా ఇంట్ల పెట్టలేను. ఏ దవా లేక పిల్ల పానం పోయిందో గదే ఇంట్ల పెట్టుకొని నాకు నిద్ర పడ్తలేదు."

మొగులప్ప ఆ డబ్బా తీసుకోవడానికి సంచి కర్రను గోడకు ఆనించబోయాడు. అది జారి నేల మీద పడింది. ఆయన వంగి తియ్యలేదు. డబ్బా మూత తనే తీసి, లోపలి సీసాను అందరికీ కనబడేలా పట్టుకున్నాడు.  

"టీచరమ్మ అడిగినదానికి జవాబు చెప్త. పోయిన ఆదివారం పొద్దుగాల హాజిరమ్మ ఇంట్లనే ఉన్న. సూది ఏస్కుంటున్న. నాకేం నయం కాలే. నాలుగు నెలల కింద షెడ్డుల ఎవరికి బాగైందని శ్రీకాంతయ్య అడిగిండు. ఒక్కలు లేవలే. నేను పొద్దున సూది ఏస్కొని, ఉపాసం ఉండి పోయిన. వాళ్ల మిషిన్ల చూస్తే షుగర్ మంచిగ వచ్చింది. దేవుడే చేసిండనుకున్న. నిజంగనే అనుకున్న. లేచిన. మూడు దినాలు సూది మానిన, నాలుగో దినం కండ్లు మసకలు కమ్మినయ్. గప్పుడే వచ్చి మీకు చెప్పాలె. కని అప్పటికే నన్ను ముందటి కుర్చీల కూసుండబెట్టిండ్రు. ముప్పై ఏండ్లు బస్సుల కింద పండి నూనె మరకలు తుడ్సుకున్నోన్ని. ఎవ్వలు నన్ను కూసో అనలే. నాగల్‌గిద్దకెల్లి జీపు పంపిండ్రు నా మాట ఇనడానికి. అయ్య బోధ తప్పని నాకు తెల్సు, మీ అందరికంటె ముందు తెల్సు. నా ఒంటికే తెల్సు. పోయిన ఆదివారం సాయంత్రం పిల్లకు చెప్తనని బయలెల్లిన. డిపో గోడ కాడ ఎడమకు తిరిగితే టీచరమ్మ ఇల్లు. కుడికి తిరిగితే షెడ్డు. మైకుల నా పేరు పిలుస్తుండ్రు. కుడికి తిరిగిన. ఇంకోటి ఉంది, టీచరమ్మకు సుత తెల్వదు. గీత సీసా ఏసినప్పుడు సంచి పట్టుకున్నది నేనే. సీసా పడంగనే బరువు నా చేతికి తెల్సింది. పిల్ల నా మొకం దిక్కు చూసింది. వద్దు బిడ్డా అని తీసి దాని చేతుల పెడితే అయిపోతుండె. నేను స్తోత్రం అన్న. అప్పటికి నా పొట్ట మీద పొద్దటి సూది ఏసిన కాడ ఇంక మండుతనే ఉండె."